ఖాళీ పాల క్యానూ, మా మేడ మెట్లూ

మా ఆయన బతికున్నన్నాళ్ళూ కూరగాయల బజారుకి రమ్మంటే రాలేదు. ఆ బురద, ఆ జనం, ఆ బేరాలు తన వల్ల కాదనేవారు. ఇప్పుడు మాత్రం ఒక్క వారం తప్పకుండా వస్తున్నారు. ఆయన ప్యాంట్లన్నీ కత్తిరించి సంచులు కుట్టేశాను మరి. ఒక్కో కాలు ఒక్కో సంచి. అడుగున కుట్టేసి పైన పట్టీ పెడితే సొరకాయ నిలువునా దిగిపోతుంది. నడుం భాగం వెడల్పు సంచి అయింది. దానికి జేబులు ఎలాగూ ఉన్నాయి కాబట్టి చిల్లర అందులోనే వేసుకుంటాను. బూడిద రంగు ప్యాంటులో ఉల్లిపాయలు, ఆఫీసుకి వేసుకెళ్ళిన నీలం ప్యాంటులో వంకాయలు.

మొదటిసారి మా కోడలు చూసి, "అత్తయ్యా, మావయ్యగారి ప్యాంటులోంచి మునక్కాడలు బయటికొస్తున్నాయండీ" అని మొహం అటు తిప్పుకుంది. నవ్వాపుకుందో ఏడుపాపుకుందో నాకు తెలియలేదు. నేను మాత్రం హాయిగా నవ్వాను. ఆయన ఉంటే ముందు కోప్పడేవారు, తరవాత వంకాయలు లేతవేనా అని అడిగేవారు.

ఈ సంచుల పిచ్చి నాకు మొదటి నుంచీ ఉన్నది కాదు. పిల్లలకి లెక్కలు చెప్పి రిటైరైన దాన్ని, కొడుకూ కోడలూ ఉద్యోగాలకి పోతే వంటగది ఏలుకుంటున్న దాన్ని. అందరి ఇళ్ళలో లాగే మా సింకు కింద కూడా కవర్లు దాచే పెద్ద కవరు ఒకటి ఉండేది. అది పెరగడమే గానీ తరగడం నేనెప్పుడూ చూడలేదు. నన్ను మార్చింది మా అక్క నోరు.

అక్కది కూచిపూడి దగ్గర పల్లె. వాళ్ళ ఇంటి ముందు నుంచే కాలవ పోతుంది. వేసవంతా ఎండిపోయి ఉండే కాలవకి నీళ్ళు వదిలారంటే ఊళ్ళో పండగే. నారుమళ్ళ హడావుడి మొదలవుతుంది, పిల్లలూ పెద్దలూ గట్టు మీదకొచ్చి మొదటి నీళ్ళ కోసం చూస్తారు. ఆ ఏడు నేనూ అక్కడే ఉన్నాను. నీళ్ళ కంటే ముందు కవర్లొచ్చాయి. నల్లవి, పసుపువి, సన్నవి, మందపాటివి, గుట్టలు గుట్టలుగా, నురగ నెత్తిన పెట్టుకుని. వాటి వెనక ఎప్పటికో నీళ్ళు.

"మీ బెజవాడోళ్ళు సారె పంపించారే, చూసుకో. ఏమాట కామాటే చెప్పుకోవాలి, ఏం తక్కువ చెయ్యలేదు" అంది అక్క, గట్టు మీద అందరూ వినేలా.

అందరూ నవ్వారు. నేనూ నవ్వేదాన్నే, కానీ ఆ గుంపులోంచి ఒక కవరు మా రేవు మెట్టుకి వచ్చి అతుక్కుంది. మా వీధి చివర మిఠాయి కొట్టు కవరది. అక్షరాలు చక్కగా కనిపిస్తున్నాయి. పోయిన దీపావళికి నేనే అలాంటి కవర్లో అక్కకి కాజాలు తెచ్చాను. అక్క కర్రతో దాన్ని పైకెత్తి, "ఇదుగో, ఇది నీ పేరు మీదే వచ్చింది" అని నా కాళ్ళ దగ్గర పడేసింది. నాకు తల కొట్టేసినట్టయింది. ఉక్రోషంలో, వచ్చే ఏటికి మా ఇంటి కవరు ఒక్కటి కూడా మీ కాలవలోకి రాదని గట్టు మీదే శపథం చేశాను. అక్క "చూద్దాంలే" అంది. ఆ "లే" నాకు ఇప్పటికీ మంటే.

శపథం గట్టు మీద చేసినంత తేలిక కాదు వంటగదిలో నిలబెట్టుకోవడం. ఇడ్లీ బండి దగ్గరికి స్టీలు డబ్బా పట్టుకెళ్ళాను. కవరొద్దు బాబూ, ఇందులో పెట్టమన్నాను. "మీలాంటోళ్ళే కావాలండీ" అని మెచ్చుకుంటూనే డబ్బాలో ఒక ప్లాస్టిక్ కాగితం పరిచి, దాని మీద ఇడ్లీ పెట్టి, చట్నీ చిన్న కవర్లో కట్టి దాని పక్కన కూర్చోబెట్టాడు. ఇదేమిటయ్యా అంటే, "మీ డబ్బా పాడవకుండా ఉంటుందనండీ" అన్నాడు. చేపల మార్కెట్లో ఇంకా నయం. చేపలామె కొర్రమీను ముక్కలు నా గిన్నెలోనే వేసింది. వేసి, మూత పెట్టి, ఆ గిన్నె మొత్తాన్ని తీసుకెళ్ళి పెద్ద నల్ల కవర్లో పెట్టి ముడేసి ఇచ్చింది. నీళ్ళు కారి నా చీర పాడవుతుందట. ఇంటికొస్తే కోడలు తెప్పించుకున్న చెవిదుద్దుల పార్సెల్ వచ్చి ఉంది. బియ్యపు గింజంత దుద్దులు, వాటి చుట్టూ ఒక దిండుకి సరిపడా గాలి బుడగల కవరు. మా అబ్బాయి సోఫాలో కూర్చుని ఆ బుడగలు ఒక్కొక్కటీ టప్ టప్ మని పగలగొడుతున్నాడు. ఎవరి మీద కోప్పడాలో తేలక ఇద్దరికీ కొర్రమీను పులుసులో ముక్కలు తగ్గించి వడ్డించాను.

అన్నిటికంటే ఎక్కువ పోగయ్యేవి పాల ప్యాకెట్లు. రెండు వీధుల అవతల గేదెల పాకలున్నాయి, అక్కడ పితికిన పాలు పితికినట్టు పోస్తారు. స్టీలు క్యాన్ ఒకటి కొనుక్కుని పొద్దున్నే బయల్దేరడం మొదలుపెట్టాను. అక్కడే అసలు కథ మొదలైంది.

మా మేడకి లిఫ్టు లేదు. మాది రెండో అంతస్తు. మా కింద, మొదటి అంతస్తులో ఉండే ఆయన వన్ టౌన్‌లో హోల్‌సేల్ వ్యాపారి. దేని వ్యాపారం అంటే, మీరు నమ్మరు, ప్లాస్టిక్ కవర్లూ గ్లాసులూను. మా అక్క కాలవలోకి వెళ్ళే సారెలో సగం ఆయన గోడౌన్ మీదుగానే వెళ్తుందని నా అనుమానం.

మొదటి రోజు నేను క్యాన్ ఊపుకుంటూ మెట్లు దిగుతుంటే ఆయన తలుపు తీసుకుని బయటికొచ్చాడు. చేతిలో స్కూటరు తాళాలు, నుదుట అప్పుడే పెట్టుకున్న కుంకుమ. నన్ను చూశాడు. క్యాన్ చూశాడు. మూత పక్కకి వేలాడుతోంది, లోపల ఖాళీ అని దూరం నుంచే తెలుస్తోంది. "ఆఁ టీచరుగారూ, బాగున్నారాండీ" అని గొణిగి, వేసుకున్న చెప్పులు విప్పేసి లోపలికి వెళ్ళిపోయాడు. తలుపు సందులోంచి మాట వినిపించింది.

"ఏవేయ్, కాసిని మంచినీళ్ళియ్యి. కాసేపు కూర్చుని వెళ్తా."

పని మీద బయల్దేరినప్పుడు ఖాళీ పాత్ర ఎదురైతే ఆ పని కాదని మావాళ్ళ నమ్మకం. వెనక్కి వెళ్ళి, కూర్చుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరాలి. మొగుడు పోయిన ఆడమనిషి ఎదురైనా అంతే. నేను రెండూ కలిసి ఒకేసారి దిగాను.

మా ఆయన ఉన్న రోజుల్లో నాది మంచి ఎదురని మా మేడలో పేరు. ఎవరు పెళ్ళిచూపులకి వెళ్ళినా, ఎవరి పిల్లలు పరీక్షకి వెళ్ళినా, "టీచరుగారూ, కాస్త ఎదురు రండి" అని పిలిచేవారు. నేను చీర మార్చుకుని గేటు దాకా వెళ్ళి, అక్కడి నుంచి నవ్వుకుంటూ ఎదురొచ్చేదాన్ని. నా ఎదురుతో కాలేజీ సీట్లొచ్చాయి, సంబంధాలు కుదిరాయి, మూడో అంతస్తు వాళ్ళకి కారు కూడా వచ్చింది. ఆయన పోయాక ఒక్కరూ పిలవలేదు. నేను బొట్టు మానలేదు, గాజులు తీయలేదు, కానీ అందరికీ తెలుసు కదా. అంతకంటే ఘోరం, కింద ఎవరైనా బయల్దేరుతున్న చప్పుడైతే నేనే మా తలుపు వెనక ఆగడం మొదలుపెట్టాను. ఆగమని ఎవరూ అనలేదు. చిన్నప్పటి నుంచీ మా ఇంట్లో చూసిన పద్ధతే, కాళ్ళు వాటంతట అవే ఆగిపోయేవి. దానికి నాకు ఒళ్ళు మండేది. నాలో ఏం తగ్గిందని?

అందుకే ఆ రోజు ఆయన వెనక్కి తిరిగితే పట్టరాని కోపం వచ్చింది. పాకల దాకా నడిచేలోపు ఆ కోపం కాస్తా సరదా అయి కూర్చుంది. ఇక తలుపు వెనక ఆగేది లేదు, నా మెట్లు నేను దిగుతాను, ఎవరికి దాహం వేస్తే వాళ్ళు నీళ్ళు తాగుతారు అనుకున్నాను.

మర్నాటి నుంచి ఆయన కాస్త ముందు బయల్దేరడం మొదలుపెట్టాడు. నేనూ ముందే దిగాను. ఆయన ఇంకాస్త ముందుకి జరిగాడు. నేనూ జరిగాను. పాకల దగ్గరికి వెళ్తే గేదెలు నన్ను చూసి ఇంత పొద్దున్నే ఏమిటన్నట్టు చూసేవి. తరవాత ఆయన వాళ్ళావిడని కాపలా పెట్టాడు. ఆవిడ తలుపు ఓరగా తీసి, మెట్ల మీద అటూ ఇటూ చూసి, "ఎవరూ లేరండీ, వెళ్ళండి" అనేది. మలుపు తిరిగిన మెట్టు మీద నేను చెప్పులు చేత్తో పట్టుకుని, ఊపిరి బిగబట్టి నిలబడి ఉండేదాన్ని. అరవై దాటిన మనిషి చేయాల్సిన పనేనా అంటే కాదు. కానీ ఎంత బాగుండేదో చెప్పలేను. ఆయన కాలు బయట పెట్టేవాడు, నేను క్యాన్ ఊపుకుంటూ ప్రత్యక్షమయ్యేదాన్ని. లోపల బిందెలో గ్లాసు ముంచిన చప్పుడు వినిపించేది.

చివరికి వాళ్ళావిడే ఒక మధ్యాహ్నం మా ఇంటికొచ్చింది.

"టీచరుగారూ, మా ఆయన షాపుకెళ్ళేసరికి ఎండెక్కిపోతందండీ. లోడు దిగేటప్పుడు ఉండట్లేదని అక్కడ గుమాస్తా ఒకటే గోల. ఇక్కడేమో నీళ్ళు తాగీ తాగీ దారిలో రెండు చోట్ల బండాపాల్సొస్తందంట. మీరు కూసిని నీళ్ళు పోసుకుని దిగితే సరిపోద్ది కదండీ? నిండుగా ఎదురైతే మంచిదేనంటారు."

ఆవిడ నవ్వు దాచుకోవడం నాకు కనిపిస్తూనే ఉంది. నేను గంభీరంగా మొహం పెట్టి, పోసుకుంటాను గానీ ఒక షరతన్నాను. మీరు బజారుకి నా సంచి పట్టుకెళ్ళాలి, చెత్త కవర్లో మూటకట్టి బయట పెట్టడం మానాలి, ప్యాకెట్లు మాని పాలకి మీ క్యాన్ కూడా నాకిచ్చెయ్యాలి.

"కవర్లోళ్ళింట్లో కవర్లు లేకపోతే ఎట్టాగండీ, నవ్వరూ?"

"నిండు క్యాన్ కావాలంటే అంతే మరి" అన్నాను.

ఆవిడ చారల ప్యాంటు కాలు ఒకటి ఏరుకుని వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం కింద నుంచి ఆయన గొంతు వినిపించింది. "దొండకాయలు సరేనే, ఈ ప్యాంటెవరిది?"

అలా మా మధ్య సంధి కుదిరింది. పొద్దున్నే క్యాన్ నిండా నీళ్ళతో దిగేదాన్ని. ఆయన ఎదురయ్యేవాడు, "వస్తానండీ" అనేవాడు. నేను ఆ నీళ్ళు గేటు పక్కన మందార మొక్కకి పోసి పాకలకి పోయేదాన్ని. సరిగ్గా అప్పుడే పెళ్ళిళ్ళ కాలం వచ్చింది. ఆయనకి గ్లాసులు, ప్లేట్ల బేరాలు ఎడతెరిపి లేకుండా తగిలాయి. అదంతా నా క్యాన్ మహిమే అని ఆయన నిర్ణయించుకున్నాడు. నేను ఒక్క నిమిషం ఆలస్యమైతే మెట్ల మొదట్లో తచ్చాడుతూ, "ఇవాళ ఇంకా దిగలేదేంటండీ టీచరుగారు" అని వాళ్ళావిడని అడిగేవాడు. ఈ సంగతి ఫోనులో చెబితే మా అక్క పగలబడి నవ్వింది. "అయితే నువ్వు ఎదురెళ్ళి మరీ కవర్లు అమ్మిస్తన్నావన్నమాట. బాగుందే నీ శపథం!" అంది. ఆ ఖాతా వేరు, ఈ ఖాతా వేరు అని ఫోను పెట్టేశాను. ఒక్కటి మాత్రం నిజం. ఇన్నాళ్ళకి మళ్ళీ ఒకరు నా ఎదురు కోసం కాచుకుని ఉంటే నాకు సంతోషంగా ఉండేది. కవర్ల వాడైతేనేం.

వాళ్ళకి ఒక్కతే అమ్మాయి. డిగ్రీ అయిన దగ్గర నుంచీ బ్యాంకు పరీక్షలు రాస్తోంది. లెక్కలు నా దగ్గరే చెప్పించుకునేది. మా భోజనాల బల్ల మీద పుస్తకాలు పరుచుకుని, రైళ్ళ లెక్కలూ వడ్డీ లెక్కలూ చేస్తూ, మధ్యలో మా కోడలితో సినిమా కబుర్లు చెప్పేది. ఆ ఏడు రాత పరీక్ష గట్టెక్కింది. గుంటూరులో ఇంటర్వ్యూ అన్నారు. వాళ్ళింట్లో కంటే మా ఇంట్లోనే ఎక్కువ కంగారు.

ముందు రోజు సాయంత్రం వాళ్ళ నాన్న మా ఇంటికొచ్చాడు. నేను అప్పటికే క్యాన్ తళతళలాడేలా తోమి బోర్లించాను. కాఫీ ఇస్తే తాగకుండా చేతిలోనే పెట్టుకున్నాడు.

"రేపు ఎనిమిదింటికి బయల్దేరుద్దండీ అమ్మాయి."

"తెలుసు. అంచుల దాకా నింపుకుని వస్తాను, మీరేం బెంగపడకండి" అన్నాను.

"అదికాదండీ." ఆయన కప్పు కింద పెట్టాడు. "రేపొక్క రోజు మీరు కాస్త... తొమ్మిది దాటాక దిగితే... ఏమనుకోకండి. షాపు సంగతి వేరండీ. ఇది పిల్ల జీవితం."

అలాగే అన్నాను. ఆయన వెళ్ళిపోయాక తోమిన క్యాన్ తీసి గూట్లో బోర్లించేశాను. గ్లాసులూ ప్లేట్లూ అమ్ముకోవడానికి పనికొచ్చానే, లెక్కలు చెప్పడానికి పనికొచ్చానే, ఆ పిల్ల గుమ్మం దాటే వేళకి పనికిరాకుండా పోయాను. చాలా బాధేసింది.

మర్నాడు ఎనిమిది కావస్తుంటే తలుపు వెనక నిలబడ్డాను. ఆయన మీద కోపంగా ఉంది, కానీ ఇంకో సంగతి కూడా ఉంది. ఆయన అడక్కపోయినా ఆగేదాన్నేమో. ఏమో, ఎవరు చూశారు, ఒకవేళ నిజమైతే ఆ పిల్లకి నా వల్ల చెడుపు ఎందుకు, అనే భయం నాలోనే ఉంది. ఇన్నాళ్ళూ క్యాన్ ఊపుకుంటూ ఆయన్ని ఆటపట్టించిన దాన్ని, ఆ మాట నాకే అనిపించేసరికి సిగ్గేసింది.

బెల్లు మోగింది. తలుపు వెనకే ఉన్నాను కాబట్టి వెంటనే తీశాను. ఆ అమ్మాయే. ఇస్త్రీ చేసిన చుడీదారు, చేతిలో ఫైలు.

"మీరింకా దిగలేదేంటి టీచరుగారూ?"

"ఇవాళ పాలకి లేటమ్మా. నువ్వెళ్ళిరా, బాగా చెప్పు."

"నాన్న పైకొచ్చి ఏం చెప్పారో నాకు తెలుసండీ. రండి. గేటు దాకా వెళ్ళి ఎదురు రండి. మీరొచ్చేదాకా నేను కదిలేది లేదు."

"నా మాట విను. మీ అమ్మ వస్తుందిగా."

"అమ్మకి లెక్కలు రావు" అంది.

సరే, ఉండు, నీళ్ళన్నా నింపుకొస్తానన్నాను. రైలుకి టైమైపోతోందంటూ గూట్లో బోర్లించిన క్యాన్ తీసి నా చేతిలో పెట్టి, చెయ్యి పట్టుకుని మెట్లు దింపేసింది. వాళ్ళ నాన్న గేటు దగ్గర స్కూటరు స్టార్టు చేసి ఉన్నాడు. ముందు నన్ను చూశాడు, తరవాత క్యాన్ చూశాడు. ఆయన మొహం చూడలేక నేను గేటు దాకా వెళ్ళి వెనక్కి తిరిగాను. క్యాన్ మూత చేత్తో నొక్కిపట్టుకుని నడిచాను. ఆ అమ్మాయి గుమ్మంలోంచి నన్నే చూస్తూ, నవ్వుతూ ఎదురొచ్చి, నన్ను దాటుకుని వెళ్ళి స్కూటరెక్కింది.

ఉద్యోగం రాలేదు.

ఆ సంగతి వాళ్ళావిడ మెట్ల మీద చెప్పింది. నన్నేమీ అనలేదు, మామూలుగానే చెప్పింది. నేనే ఆ మర్నాటి నుంచి పాలకి వెళ్ళడం మానేశాను. మోకాలు నొప్పన్నాను. మా అబ్బాయి ప్యాకెట్లు తెచ్చాడు. కోడలు ఖాళీ ప్యాకెట్లు కడిగి బాల్కనీ తీగ మీద ఆరేసింది. పొద్దున్నే కింద స్కూటరు చప్పుడు పూర్తిగా వినపడకుండా పోయేదాకా నేను తలుపు తీసేదాన్ని కాదు. మా అక్క ఫోను చేస్తే శపథం గురించి ఎత్తకుండా వానల గురించి మాట్లాడాను.

అలా కొన్నాళ్ళు గడిచాక, ఒక పొద్దున్న బెల్లు మోగింది. ఆ అమ్మాయి వాళ్ళ నాన్న. లోపలికి రమ్మంటే రాలేదు. గుమ్మంలోంచే బాల్కనీ వైపు చూసి, "ఇదేంటండీ, మీ ఇంట్లో కవర్లు!" అన్నాడు.

"మీ వ్యాపారానికి మంచిదేగా" అన్నాను.

ఆయన నవ్వలేదు. "అమ్మాయి నన్ను బాగా తిట్టిందండీ. ఇంటర్వ్యూలో ఏదో అడిగితే నాకు జవాబు రాలేదు నాన్నా, టీచరుగారేం చేశారు, ఆవిడ మెట్లు దిగడం మానేశారు చూడు నీ వల్ల, అంటది. మళ్ళీ ఇంటర్వ్యూ ఉందంట, ఈసారి ఏలూరులో. మీరే ఎదురు రావాలంట."

"అమ్మాయి సంగతి సరే. మీరేమంటారు?"

ఆయన స్కూటరు తాళాలు జేబులో వేసుకున్నాడు.

"నేనూ అదే అడుగుదామని వచ్చానండీ."

"సరేలెండి. ఈసారి నీళ్ళు నింపుకునే వస్తాను."

"నీళ్ళెందుకండీ?" అన్నాడు. "పాలకెళ్ళే మనిషి ఎక్కడన్నా నీళ్ళు మోసుకెళ్తారా?"

నేను ఆయన ముందే ఏడ్చేశాను.